నిల్వ చోటు వేరు, వాడుక చోటు వేరు: ఇంటి సర్దుబాటుపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాలు చాలావరకు కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల ఇళ్ల నుంచి వచ్చినవే. అడిగిన సంగతులు వేరైనా వాటి వెనుక ఉన్న ఇబ్బంది ఒక్కటే. వానను నమ్ముకోలేని సీమలో ఏడాది గ్రాసం ఇంట్లో ఉంటేనే మన పెద్దలు నిశ్చింతగా నిద్రపోయేవారు. ఆ అలవాటు మనలో నేటికీ ఉంది, ఉండడం మంచిదే. అయితే ఆ అలవాటుకు తగినట్టు కొట్టు గది, అటక, జొన్నల పాతర ఉన్న ఇళ్లు తగ్గిపోయి, రెండు పడక గదుల ఇళ్లు వచ్చాయి. కనుక ఈ సమాధానాలన్నిటిలో నేను ఒకే సూత్రాన్ని పట్టుకుని వెళతాను. నెలకో ఏడాదికో ఒకసారి తెరిచే వస్తువులకు నిల్వ చోటు ఉండాలి, రోజూ చెయ్యి పడే వస్తువులకు వాడుక చోటు ఉండాలి. ఈ రెండూ కలిసిపోయిన ఇంట్లో ఎన్ని డబ్బాలు కొన్నా సర్దుబాటు కుదరదు.

ప్రశ్న: మేము కర్నూలులో మూడో అంతస్తులో రెండు పడక గదుల ఇంట్లో ఉంటున్నాము. పైన మిద్దె తప్ప వేరే అంతస్తు లేదు. ఊళ్లో ఉన్న మా అత్తమామలు ఏటా పంట రాగానే సోనా మసూరి బియ్యం బస్తాలు, కందులు, జొన్నలు, చెనక్కాయలు, చింతపండు, ఎండుమిరపకాయలు పంపిస్తారు. వద్దనడానికి మనసు రాదు. కానీ వంటింట్లో కాలు పెట్టే చోటు ఉండడం లేదు. ఉగాది దాటేసరికి బియ్యంలో ముక్కపురుగు కనిపిస్తోంది, కందులు పుచ్చిపోతున్నాయి. వీటిని ఎక్కడ, ఎలా పెట్టుకోవాలో చెప్పండి.
(ఒక గృహిణి, కర్నూలు)

సమాధానం: ముందుగా బస్తాలను వంటింట్లోంచి బయటికి తీసుకురండి. కుక్కరు ఆవిరి, పొయ్యి వేడి, కడిగిన గిన్నెల తడి అన్నీ కలిసి ఇంట్లో ధాన్యానికి అన్నిటికంటే పనికిరాని గది వంటిల్లే. మన పాత మిద్దెల్లో కొట్టు గదికి కిటికీ చిన్నదిగా ఉండేది, పొయ్యి దానికి దూరంగా ఉండేది. గండికోటలో మసీదు పక్కన నేటికీ నిలిచి ఉన్న ధాన్యాగారాన్ని చూసినవారికి తెలుస్తుంది, దాని గోడలు మందపాటి రాతివి, లోపల వెలుతురు తక్కువ. ధాన్యానికి కావలసినవి చల్లదనం, చీకటి, పొడిదనం. మీ ఇంట్లో ఆ మూడూ దొరికే మూల ఏదో చూడండి. పడమటి గోడ మధ్యాహ్నమంతా ఎండ తాగి రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని గదిలోకి వదులుతుంది కాబట్టి అక్కడ పెట్టవద్దు. ఉత్తరం వైపు పడక గదిలో, మంచం కింద గానీ తలుపు వెనుక గానీ, నేలకు అరడుగు ఎత్తున చెక్క బల్ల వేసి, గోడకు జానెడు ఎడం ఉంచి బస్తాలు పేర్చండి. గోడకు ఆనించిన బస్తా వానాకాలంలో చెమ్మను పీలుస్తుంది. నేల మీద పెట్టిన బస్తా కింద చీపురు ఆడదు కాబట్టి అక్కడే పురుగు, బొద్దింక చేరతాయి. పైన మిద్దె ఎండకు నేరుగా కాలే ఇల్లు కనుక మీరు ధాన్యాన్ని సజ్జ మీదికి ఎక్కించకండి. వేసవిలో కప్పు కిందనే వేడి ఎక్కువ.

బియ్యం సంగతికి వస్తే, వేడి కాలంలో ముక్కపురుగు గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి దాదాపు నెల రోజులు పడుతుంది. పురుగు ఎక్కడినుంచో ఎగిరి వచ్చిందని మనం అనుకుంటాము గానీ చాలాసార్లు గుడ్లు గింజలోనే ఉండి బస్తాతో పాటు ఇంట్లోకి వస్తాయి. నలుగురి ఇంట్లో రోజుకు కిలో బియ్యం వండితే 25 కిలోల బస్తా నెలలోపే అయిపోతుంది. కనుక ఒకసారి ఒకే బస్తా విప్పండి, మిగిలినవాటి కుట్టు విప్పవద్దు. విప్పిన బస్తా మూతి బిగించి కట్టి, పది రోజులకు సరిపడా బియ్యాన్ని మాత్రమే వంటింటి డబ్బాలో పోసుకోండి. డబ్బా ఖాళీ అయ్యాక అడుగున మిగిలిన నూక, తవుడు దులిపి, పొడి గుడ్డతో తుడిచి, ఆ తరువాతే కొత్త బియ్యం పోయాలి. పాత బియ్యం మీదే కొత్త బియ్యం పోసే అలవాటు వల్లనే పురుగు ఇంట్లో ఏడాది పొడవునా బతుకుతుంది. నా అభిప్రాయంలో ఈ ఒక్క అలవాటు మానితే సగం బాధ తీరుతుంది.

పురుగు కనబడగానే బియ్యాన్ని మిద్దె మీద ఎండలో పోయకండి. పాలిష్ పట్టిన బియ్యం గట్టి ఎండకు పగిలి నూక అవుతుంది. నీడలో పలచగా పరిచి, చాటతో చెరిగి, జల్లించుకుంటే చాలు. కందులు, జొన్నలు మాత్రం కర్నూలు ఎండకు రెండు మూడు రోజులు బాగా ఎండనివ్వవచ్చు. ఎండిన గింజను వేడిగా ఉండగానే డ్రమ్ములో పోసి మూత పెడితే లోపల ఆవిరి పట్టి బూజు వస్తుంది కనుక సాయంత్రం లోపలికి తెచ్చి, పూర్తిగా చల్లారనిచ్చి, మరునాడు పోయండి. గింజల పురుగు తన గుడ్లను నిండు గింజ పైపొర మీద పెడుతుంది. అందుకే కందులు కందులుగా ఉన్నంతకాలం పుచ్చుతాయి, పప్పుగా పగలగొట్టించాక పుచ్చడం చాలా తగ్గుతుంది. సంక్రాంతి తరువాత కందులు వచ్చిన వెంటనే పప్పు పట్టించి, కిలో పప్పుకు చెంచా చొప్పున ఆముదం పట్టించి, రేకు డ్రమ్మును అంచుదాకా నింపి బిగించండి. సగం ఖాళీగా ఉన్న పెద్ద డ్రమ్ముకంటే నిండా నింపిన చిన్న డ్రమ్ము మేలు, ఎందుకంటే పురుగుకు కావలసిన గాలి అందులో తక్కువగా ఉంటుంది.

చెనక్కాయల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. కాయ పొట్టులో ఉన్నంతకాలం విత్తనానికి రక్షణ ఉంటుంది, కాబట్టి కాయలుగానే గోనె సంచిలో ఉంచి వారానికి సరిపడా ఒలుచుకోండి. ఒలిచిన విత్తనాలు ఎక్కువ రోజులు వేడిలో ఉంటే నూనె చెడి ముక్కిన వాసన వస్తుంది. తడి తగిలిన కాయలకు పట్టే ఒక రకం బూజు వల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది కాలేయానికి హాని చేస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. ముడతలు పడినవి, నల్లబడినవి, ఆకుపచ్చ బూజు ఉన్నవి ఏరి పారేయండి. పైసలు పోతాయని పొడి కొట్టి కూరలో కలపకండి, పశువులకు కూడా పెట్టకండి.

ఒక హెచ్చరిక చేయకుండా ఉండలేను. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ గోలీలను ఇంట్లో బస్తాల మధ్య ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు. వాటి నుంచి వచ్చే వాయువు పురుగులతో పాటు పక్కన పడుకున్న మనుషుల ప్రాణాన్నీ తీస్తుంది. బోరిక్ పొడి, పాదరసపు గోలీలు కూడా తినే ధాన్యంలో ఉండకూడనివే. నీడలో ఎండబెట్టిన వేపాకు, డ్రమ్ము పొడిదనం, మూత బిగువు, ఇవి చాలు.

చింతపండును గింజలు తీసి, ఉప్పు కలిపి జాడీలోనే పెట్టండి, పులుపు ఇనుమునూ అల్యూమినియాన్నీ తినేస్తుంది. మిరపకాయల కారం రెండు మూడు నెలలకు సరిపడానే పట్టించుకోండి. ఇంకొక మాట. అత్తమామలు పంపేది ఒకేసారి రావాలన్న నియమం లేదు. ఊళ్లో వారి ఇంట్లో చోటు, ఎండబెట్టే కళ్లం రెండూ ఉంటాయి కాబట్టి, సగం సంక్రాంతికి, సగం వేసవి సెలవులకు తెచ్చుకుంటామని అత్తగారితో మర్యాదగా చెప్పండి. వద్దన్నట్టూ ఉండదు, చోటూ మిగులుతుంది.

ప్రశ్న: కడపలో మేము ఇల్లు కట్టుకుంటున్నాము. వంటగది పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు వస్తుంది. మా ఆయన గోడంతా మూసిన అల్మారాలతో మాడ్యులర్ కిచెన్ పెట్టిద్దామంటున్నారు. మా అమ్మ మాత్రం కడప బండల అరలే చాలునంటోంది. ఖర్చు సంగతి అటుంచి, రోజువారీ వాడకానికి ఏది మేలు?
(ఒక ఉపాధ్యాయురాలు, కడప)

సమాధానం: అరల విషయంలో మీ అమ్మగారి మాట సరైనది, తలుపుల విషయంలో మీ వారి మాట సరైనది. ఎర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల, కొలిమిగుండ్ల చుట్టుపక్కల క్వారీల నుంచి వచ్చే ఈ రాయి పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి. అందుకే అది పలకలుగా విడివడుతుంది. దానికి చెదలు పట్టదు, తడికి ఉబ్బదు, బరువుకు వంగదు. పొట్టు చెక్కతో చేసిన బోర్డు పెట్టెలు సింకు కింద నీరు కారితే కొద్ది కాలానికే ఉబ్బి పొరలు విడిపోతాయి. కాబట్టి బల్ల కింది భాగమంతా కడప బండలతోనే నిలువు, అడ్డం అరలు కట్టించి, ముందు మాత్రం అల్యూమినియం చట్రంతో తలుపులు పెట్టించండి. దుమ్ము పడదు, బొద్దింకలు తగ్గుతాయి, పాడైతే తలుపు ఒక్కటే మార్చుకోవచ్చు. రెండు ఊతాల మధ్య రెండు, రెండున్నర అడుగులకు మించి ఎడం ఇవ్వవద్దని మేస్త్రీకి ముందే చెప్పండి, ఈ రాయి వంగకుండా ఉన్నట్టే ఉండి ఒక్కసారిగా విరుగుతుంది. వంట బల్ల పైభాగానికి మాత్రం కడప బండ వద్దు, గ్రానైటు వేయించండి. సున్నపురాయి మీద నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మెరుగు పోయి తెల్లని మరకలు పడతాయి. నూనె మరకను కూడా అది పీల్చుకుంటుంది.

రాయా చెక్కా అన్న ప్రశ్నకంటే అర లోతు ఎంత అన్నది ముఖ్యమైన ప్రశ్న. చాలా ఇళ్లలో అన్ని అరలూ ఒకే లోతులో కట్టిస్తారు. రెండడుగుల లోతు అరలో ముందు వరుస డబ్బాలే చేతికి అందుతాయి, వెనుక వరుసలో ఏముందో ఇంటివారికి కూడా గుర్తుండదు. పోపు గింజలు, కారం, పసుపు, ధనియాల పొడి వంటివాటికి ఆరంగుళాల లోతుతో, ఒకే వరుస పట్టే సన్నని అరలను పొయ్యికి చేయి చాపు దూరంలో, కళ్ల ఎత్తుకు దిగువన కట్టించండి. మరీ పొయ్యి పైన వద్దు, ఆవిరికి పొడులు గడ్డ కడతాయి. పప్పులు, పిండ్లకు అడుగు లోతు చాలు. రెండడుగుల లోతు బల్ల కింద మాత్రమే ఉండాలి, అక్కడ కుక్కర్లు, దబరలు, బాణళ్లు పెట్టుకోవాలి. ఆ లోతు అరల్లో కనీసం రెండింటికి బయటికి లాగే పళ్లేలు పెట్టిస్తే మోకాళ్ల మీద కూర్చుని వెతుక్కునే పని తప్పుతుంది. మాడ్యులర్ పద్ధతిలో డబ్బు పెట్టదగినది నా దృష్టిలో ఇదొక్కటే.

మిక్సీ రోజూ వాడేదే కనుక అరలోంచి ఎత్తి దించే అవసరం లేకుండా ప్లగ్గు పక్కనే బల్ల మీద ఉండాలి. గ్రైండరు బరువైనది, దానికి మోకాలి ఎత్తు పీట కట్టించుకుంటే పిండి తీయడం, కడగడం సులభమవుతుంది. బల్ల ఎత్తు మీ మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుగా ఉండేట్టు మీరే నిలబడి కొలిచి చెప్పండి, మేస్త్రీ తన అలవాటు కొలత వేయకుండా చూడండి. రాగి సంగటి కెలికే ఇల్లైతే పొయ్యి పెట్టే భాగాన్ని ఇంకో మూడు నాలుగు అంగుళాలు దించి కట్టించండి. ఎత్తైన బల్ల, దాని మీద స్టవ్వు, స్టవ్వు మీద లోతైన పాత్ర, అందులో తెడ్డు, ఇవన్నీ కలిస్తే భుజాలు పైకెత్తి కెలకాల్సి వస్తుంది. సంగటి గట్టిపడేకొద్దీ ఆ బలమంతా భుజం కీలు మీద పడుతుంది. నగరాల్లో గీసే వంటింటి నమూనాల్లో ఈ సంగతి ఉండదు, మనమే అడిగి చేయించుకోవాలి.

సిలిండరును తలుపు వేసిన అరలో పెట్టేటప్పుడు ఆ తలుపుకు నేల మట్టంలో గాలి పోయే రంధ్రాలు తప్పనిసరిగా ఉండాలి. వంట గ్యాసు గాలికంటే బరువైనది, కారితే నేల మీద పరుచుకుంటుంది. 14.2 కిలోల సిలిండరు ఎప్పుడూ నిలువుగానే ఉండాలి, స్టవ్వు దానికంటే ఎత్తులో ఉండాలి, ఆ అరలో స్విచ్చులు, కిరోసిను, పాత గుడ్డలు ఏవీ ఉండకూడదు. లీకు అనుమానం వస్తే పిలవవలసిన 1906 నంబరును ఆ అర తలుపు మీదనే రాసి పెట్టండి.

సజ్జ మీదికి పెళ్లికీ పండుగకూ దించే గుండిగలు, పెద్ద పళ్లేలు మాత్రమే ఎక్కించండి. ఒకదానిలో ఒకటి పెట్టి, పైన గుడ్డ కట్టి, లోపల ఏమున్నాయో చీటీ అంటించండి. చీటీ లేని మూట సజ్జ మీద ఉన్నా లేనట్టే లెక్క, అవసరం వచ్చిన రోజున బజారుకు పోయి మళ్లీ కొనుక్కువస్తాము.

ప్రశ్న: అనంతపురంలో మా వీధికి కొళాయి నీరు రోజూ రాదు. అందుకని బిందెలు, టబ్బులు, బక్కెట్లు అన్నీ నింపి పెడతాము. నడవడానికి దారి లేదు, దోమలూ ఎక్కువయ్యాయి. ఇంట్లో చిన్న పాప ఉంది.
(ఒక పాఠకుడు, అనంతపురం)

సమాధానం: ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే జిల్లాలో నీటిని నిలవ చేసుకోవద్దని ఎవరూ చెప్పలేరు. పాత్రల సంఖ్య తగ్గించండి, పాత్ర పరిమాణం పెంచండి. పది బక్కెట్ల నీరు, బిగువైన మూత, అడుగున కొళాయి ఉన్న ఒక 200 లీటర్ల డ్రమ్ములో పడుతుంది. దాన్ని స్నానాల గది గోడ పక్కన, చెంబు పట్టేంత ఎత్తు గట్టు మీద నిలపండి. నిండిన డ్రమ్ము రెండు వందల కిలోలకు పైగా బరువు ఉంటుంది కాబట్టి ఆ గట్టు ఇటుకతో కట్టినదై ఉండాలి, చెక్క బల్ల చాలదు. తాగే నీటికి మూత ఉన్న స్టీలు బిందెలు రెండు వంటింట్లో వేరుగా ఉంచి, ముంచడానికి పొడుగు పిడి గంటె వాడండి.

డెంగీని మోసే దోమ మురుగులో కంటే ఇలా ఇంట్లో నిలిచిన మంచి నీటిలోనే ఎక్కువగా పెరుగుతుంది. వేడి కాలంలో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికి ఒక రోజు పెట్టుకుని అన్ని పాత్రలూ వంచివేయాలి. వంచితే సరిపోదు, లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్దాలి. ఈ దోమ గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. మూత లేని పాత్రకు పలచని నూలు గుడ్డ బిగించి కట్టండి.

పాప ఉన్న ఇంట్లో మూత లేని టబ్బు గానీ, నిండిన బక్కెట్టు గానీ నేల మీద ఒక్క నిమిషం కూడా ఉంచవద్దు. తప్పటడుగుల వయసు పిల్లలు జానెడు నీటిలోనూ మునిగిపోతారు. స్నానాల గది తలుపుకు బయటి నుంచి పైన గడియ పెట్టించండి.

ప్రశ్న: మా ఇల్లు కర్నూలు పాతబస్తీలో తుంగభద్ర ఒడ్డుకు దగ్గరగా ఉంది. 2009 వరదలో మా నాన్నగారి పత్రాలన్నీ తడిసి ముద్దయ్యాయి. అప్పటినుంచి పత్రాలు తలా ఒకచోట దాస్తున్నాము, కావలసినప్పుడు దొరకవు.
(ఒక చిరువ్యాపారి, కర్నూలు)

సమాధానం: ఆ ఏడాది అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చినప్పుడు ఎన్ని ఇళ్లలో ఇదే జరిగిందో ఆ ఊరివారికి తెలుసు. ఆ భయంతో తలా ఒకచోట దాచడం సహజమే. కానీ వరద వచ్చినప్పుడు చేతికి దొరికే సమయం చాలా కొద్దిది. ఆ కొద్ది సమయంలో ఒకే సంచి అందుకుని మిద్దె ఎక్కగలగాలి. నీరు చొరని జిప్పు ఉన్న ఒక చేతి సంచిలో రిజిస్టరు దస్తావేజులు, పట్టాదారు పాసు పుస్తకం, చదువు సర్టిఫికెట్లు, బీమా పత్రాలు, రేషను కార్డు పెట్టి, దాన్ని బీరువా పై అరలో తలుపు తీయగానే కనబడేట్టు ఉంచండి. కింది అరలో వద్దు, నీరూ చెదలూ రెండూ కింది నుంచే వస్తాయి.

అసలు పత్రాలను లామినేషను చేయించవద్దు. చాలాచోట్ల దాన్ని తీసుకోరు, ఒకసారి అతికించాక ఊడదీస్తే కాగితం చిరుగుతుంది. ఒక్కొక్క పత్రాన్ని తెల్ల కాగితం మడతలో పెట్టి ఆ తరువాత కవరులో ఉంచితే సిరా ప్లాస్టిక్కుకు అంటుకోదు. పోయిన దస్తావేజుకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ధ్రువీకరించిన నకలు తీసుకోవచ్చు, మీ నాన్నగారివి ఇంకా తీసుకోకుంటే ఇప్పుడైనా దరఖాస్తు చేయండి. 2015లో మొదలైన డిజిలాకర్‌లో ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, మార్కుల జాబితాలు వంటివి నేరుగా తెచ్చి పెట్టుకోవచ్చు. రోజూ అవసరపడే జెరాక్సులను వేరే ఫైలులో టీవీ అల్మారాలో పెట్టుకుంటే అసలు సంచిని కదిలించే పనే రాదు. సంచిలో ఏమున్నదీ ఒక కాగితం మీద రాసి, మీతో పాటు ఇంట్లో ఇంకొకరికి ఆ సంగతి తెలిసేట్టు చూడండి.

ప్రశ్న: గుమ్మం దగ్గర చెప్పులు, బడి సంచులు, హెల్మెట్లు, తాళాలు గుట్టగా పడి ఉంటాయి. పిల్లలకు ఎంత చెప్పినా వినరు.
(ఒక తల్లి, గుంతకల్లు)

సమాధానం: పిల్లలు సంచిని ఎక్కడ పడేస్తున్నారో అక్కడే, వారి భుజం ఎత్తులో గోడకు కొక్కేలు బిగించండి. మీకు నచ్చిన చోట కాకుండా వారి చెయ్యి సహజంగా వెళ్లే చోట పెట్టినప్పుడే అది నిలుస్తుంది. చెప్పులకు మనిషికి ఒక జత మాత్రమే గుమ్మం దగ్గర, మిగిలినవి లోపల. బయట వదిలిన బూట్లను తొడిగేముందు దులపడం పిల్లలకు నేర్పండి, మన వైపు తేళ్లు ఎక్కువ.

ప్రశ్న: నా పెళ్లినాటి ధర్మవరం పట్టుచీరలు, మా అవ్వ ఇచ్చిన పాత జరీ చీరలు ఇనుప పెట్టెలో కలరా ఉండలు వేసి ఉంచాను. ఈమధ్య తీసి చూస్తే జరీ నల్లబడింది, మడతల దగ్గర ఒక చీర చీలింది. మా కోడలు ప్రసవించి ఇంట్లోనే ఉంది, బట్టల బీరువా ఇద్దరిదీ ఒకటే.
(ఒక పాఠకురాలు, అనంతపురం)

సమాధానం: ముందు పసిబిడ్డ సంగతి. కలరా ఉండలు నాఫ్తలీన్‌తో చేసినవైతే బిడ్డ బట్టలు, పక్క గుడ్డలు ఉన్న బీరువాలో వాటిని ఉంచవద్దు. రక్తంలో జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న శిశువులకు ఆ ఆవిరి తగిలినా ఎర్రరక్తకణాలు చితికిపోయి, పచ్చకామెర్లు తీవ్రమవుతాయి. ఆ లోపం ఉన్నదీ లేనిదీ పరీక్ష చేస్తే తప్ప తెలియదు. అందుచేత ఉండలన్నీ ఈ రోజే తీసివేయండి, ఇప్పటికే ఆ వాసన పట్టిన బట్టలను ఉతికి ఎండలో ఆరేశాకే బిడ్డకు వాడండి.

జరీలో వెండి ఉంటే గాలిలోని గంధకంతో కలిసి నల్లబడుతుంది. సెంటు, రబ్బరు, ప్లాస్టిక్కు కవరు దాన్ని ఎక్కువ చేస్తాయి. ప్రతి చీరనూ ఉతికిన పాత నూలు పంచెలో విడిగా చుట్టండి. చీర చీలేది ఎప్పుడూ మడత మీదనే, ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉండడం వల్లనే. మూడు నాలుగు నెలలకు ఒకసారి తీసి, నీడలో గాలికి ఆరేసి, మడతను వేరే చోట వేయండి, జరీ అంచు లోపలికి ఉండేట్టు మడవండి. పట్టును ఎండలో వేయకూడదు. కట్టి విప్పిన చీరను చెమట ఆరనిచ్చి, మరునాడే పెట్టెలో పెట్టాలి. పురుగుకు ఎండిన వేపాకును గుడ్డలో మూట కట్టి మూలన ఉంచితే చాలు, అదీ చీరకు నేరుగా తగలకూడదు. ఏటా రెండు మూడుసార్లు కట్టే చీరలను బీరువాలోనూ, అవ్వగారి చీరలను పెట్టెలోనూ విడదీయండి. పాత జరీ చీరలను కొక్కేలకు వేలాడదీస్తే బరువుకు నేత సాగిపోతుంది కాబట్టి పరిచినట్టుగానే ఉంచాలి.

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. ప్రొద్దుటూరు దగ్గర పల్లెలో పాత మిద్దె ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. అటక నిండా ఇత్తడి సామాన్లు, పాత మంచాలు, డబ్బాలు ఉన్నాయి. ఒక్కటి తీసేద్దామన్నా ఒప్పుకోదు. ఆమెకు షుగరు ఉంది, ఇన్సులిన్ వేసుకుంటుంది. నేను నెలకోసారి పోగలను.
(ఒక ఉద్యోగి, కడప)

సమాధానం: అటక జోలికి పోకండి. ఆ సామాన్లు ఆమె సంసారం, వాటిని ఏం చేయాలో ఆమె చెప్పాలి. మీరు వెళ్లిన రోజున చేయవలసిన పని ఆమె రోజూ వాడే వస్తువులన్నిటినీ మోకాలికీ భుజానికీ మధ్య ఎత్తులోకి తేవడం. ఉదయం నుంచి రాత్రి వరకు అమ్మ ఏ వస్తువు కోసం వంగుతున్నదో, దేని కోసం ముక్కాలి పీట ఎక్కుతున్నదో ఆమె పక్కన కూర్చుని చూడండి. బియ్యపు డబ్బా నేల మీద ఉంటే గట్టు మీదికి, కాఫీ పొడి పై గూట్లో ఉంటే కింది గూట్లోకి మార్చండి. పెద్ద డబ్బాలోని సరుకును రెండు కిలోలు పట్టే చిన్న డబ్బాల్లోకి పోసి ఉంచితే ఆమె ఎత్తగలదు. ఏ మార్పైనా అమ్మను అడిగి, ఆమె చేతితోనే పెట్టించండి, లేకపోతే మీరు బస్సు ఎక్కేలోపే అది పాత చోటికి పోతుంది. ఎక్కే పీటను మాత్రం ఆమెకు నచ్చజెప్పి మీతో తీసుకువెళ్లండి. అటక మీది నుంచి ఏదైనా కావాలంటే మీరు వచ్చినప్పుడు దించి ఇస్తానని చెప్పి, ఆ మాట ప్రతిసారీ నిలబెట్టుకోండి.

నేల మీద మూలల్లో ఉన్న గోనె సంచులు, కట్టెలు తీసివేయించి, మిగిలినవాటిని బల్ల మీదికి ఎత్తండి. పడుకునే మంచం నుంచి స్నానాల గదికి పోయే దారిలో ఒక్క వస్తువూ ఉండకూడదు, రాత్రంతా వెలిగే చిన్న దీపం ఒకటి ఉండాలి.

వాడని ఇన్సులిన్ సీసాలను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, నడిమి అరలో, ఒక చిన్న మూత డబ్బాలో ఉంచండి. తలుపు అరలో వద్దు, తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. పైన గడ్డ కట్టే చోటికి ఆనించవద్దు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వాడుతున్న సీసా మామూలుగా 30 డిగ్రీల లోపు గదిలో నాలుగు వారాల వరకు ఉండగలదు గానీ, కడప వేసవిలో గది వేడి దానికి చాలా ఎక్కువగా ఉంటుంది కాబట్టి దాన్నీ ఫ్రిజ్‌లోనే ఉంచమనండి. తెరిచిన తేదీని సీసా మీద మీరే పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. మాత్రలను వంటింటి గూట్లోంచి తీసి, పడక గదిలో నీడ ఉన్న అరలో, పొద్దుటివీ రాత్రివీ వేరు వేరు రంగుల డబ్బాల్లో పెట్టండి. గడువు తీరిన మందులను నెలనెలా వెళ్లినప్పుడు ఏరి వెంట తీసుకువచ్చేయండి.